అన్న కోసం కాసిన బీరు

మా అన్నను కల్లు మాన్పించడానికి నేను బీరు కాయడం నేర్చుకున్నాను. చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. మొదట్లో నాకే నవ్వొచ్చేది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆడదాన్ని. రెండు గదుల అద్దె పోర్షన్‌లో, స్నానాల గది మూలన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టి, దానికి తడి గోనెసంచి కప్పి, కాలేజీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి బుడగలు వస్తున్నాయా లేదా అని వంగి చూసుకునేదాన్ని. పక్క పోర్షన్ ఆమె "ఏందమ్మా, రోజూ గంజి వాసన వస్తున్నది?" అంటే బార్లీ జావ అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. బాపు పోయేనాటికి నేను ఆరో తరగతి, అవ్వ అంతకుముందే పోయింది. అన్న అప్పటికే మా ఊళ్లో ఒక ఆసామి షెడ్డులో సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. ఒక్క మనిషి ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఉరికి, రెండు వేళ్లతో ముడి వేసి మళ్లీ నడపాలి. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. అన్న అట్లా రోజుకు పన్నెండు గంటలు నిలబడి నన్ను డిగ్రీ చదివించాడు, ఆపైన పీజీ కూడా చదివించాడు. నా హాల్‌టికెట్లు, మార్కుల మెమోలు తన పెట్టెలోనే దాచేవాడు. నేను పోగొడతానని భయం.

బాపు దినాల రోజున కులపెద్దలు అన్న చేతిలో మొదటి కల్లు గ్లాసు పెట్టారు. మా దగ్గర అది తప్పు కాదు, మర్యాద. పుట్టుకకు కల్లు ఉంటుంది, చావుకు ఉంటుంది, బోనాలకు ఉంటుంది, అలిగిన బావను సముదాయించడానికీ ఉంటుంది. ఇంటి పెద్దవాడివి అయ్యావని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి వాళ్లకు తెలియదు. ఆ తర్వాత అన్న రోజూ షెడ్డు దిగగానే కల్లు కాంపౌండుకు పోయేవాడు. మొదట ఒక సీసా. తర్వాత రెండు. కొన్నేళ్లకు మధ్యాహ్నం కూడా ఒకటి కలిసింది. తాగి ఎవరినీ ఒక మాట అన్నవాడు కాదు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు.

ఒకరోజు వదిన ఫోన్ చేసింది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు, పంతులమ్మా అంటుంది. "ఓ పంతులమ్మా, మీ అన్న చేతులు పోగు పట్టుకుంటలేవు. పొద్దుగాల లేస్తే ఒకటే వణుకుడు. కాంపౌండుకు పోయొస్తె గాని నిమ్మలమైతలేడు. ఆసామి గుర్రుమంటుండు, ఇట్లనే ఉంటే పనిల ఉంచుకోడట" అంది. నాకు కోపం వచ్చింది. అన్న మీద కాదు, నలభై అయిదేళ్లకే మనిషి వేళ్లు వణకడం మీద.

అంతకు రెండేళ్ల ముందు అన్న శివమాల వేసుకున్నాడు. మాల వేసుకుంటే కల్లు ముట్టకూడదు కాబట్టి, మానడానికి మా దగ్గర మగవాళ్లు పట్టుకునే దారి అది. మూడో రోజుకే చెమటలు పట్టి, నిద్ర లేక, పీఠం దగ్గర ఏవో కదులుతున్నాయని కేకలు వేసి మాల తీసేశాడు. నిష్ఠ లేదని ఊరంతా అన్నారు. దేవుడు కోపం చేసిండని కొందరు అన్నారు. నేనేమన్నాను? ఫోన్‌లో గట్టిగానే తిట్టాను. "మూడు రోజులు కూడా ఉండలేవా అన్నా, గింత కూడా పట్టుదల లేకుంటే ఎట్ల?" అన్నాను. అన్న ఫోన్ వదినకు ఇచ్చేశాడు.

ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నాను. కరీంనగర్ పిలిపించి ఒక డాక్టరుకు చూపించాను. కాలేయం వాచిందన్నాడు. తాగుడు ఆపకపోతే ఎక్కువ కాలం ఉండడన్నాడు, కానీ ఒక్కసారే ఆపొద్దన్నాడు. ఫిట్స్ వస్తాయట, మెల్లగా తగ్గించాలట. "ఏం తాగుతాడు, ఎంత తాగుతాడు?" అని అడిగాడు. అన్న తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. జవాబు నేను చెప్పాను. "కల్లు సార్. నాలుగైదు శాతం ఆల్కహాలు ఉంటుంది. రోజుకు రెండు లీటర్లలోపు." ఎంత ఠీవిగా చెప్పానో! పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన అదే రాసుకున్నాడు. అన్న నోరు తెరిచి ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

మెల్లగా తగ్గించాలి, బాగుంది. కానీ కల్లును ఎట్లా తగ్గిస్తాం? చెట్టు కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి వేరే సరుకవుతుంది. దాన్ని ఒక అంకె దగ్గర నిలబెట్టలేం. దుకాణం బీరు కొందామంటే లైటు, స్ట్రాంగు అని రెండే రకాలు. పైగా వైన్ షాపు ముందుకు పోయిన మనిషి బీరుతో ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు. నాకు కావలసింది మెట్లు. అయిదు శాతం, తర్వాత మూడున్నర, తర్వాత రెండున్నర, చివరికి ఒకటి. ఆ మెట్లు నేనే కట్టుకోవచ్చని ఒక ఆదివారం ఇంటర్నెట్‌లో చూశాను. ఇంట్లో బీరు చేసుకునేవాళ్ల కోసం లెక్కలు కట్టిపెట్టే సైట్లు బోలెడున్నాయి.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఎంత వేస్తున్నావు, నీళ్లు ఎన్ని, ఏ ఈస్టు, హాప్స్ అనే చేదు పువ్వు ఎన్ని గ్రాములు, ఎంతసేపు మరిగిస్తావు అని సైటు గళ్లలో అడుగుతుంది. నింపితే కింద అంచనా వస్తుంది. మొదట రసం చిక్కదనం ఎంత, పులిశాక ఎంత, ఆల్కహాలు ఎంత శాతం, చేదు ఎంత, చివరికి రంగు కూడా. రంగును ఒక చిన్న గ్లాసు బొమ్మలో నింపి చూపిస్తుంది. ఓయబ్బో, నాకు పండగే. కాలేజీలో ఒకే పాఠాన్ని పదేళ్లుగా చెప్పీ చెప్పీ మొద్దుబారిన బుర్ర ఒక్కసారి లేచి కూర్చుంది.

ఒక్క సైటునే నమ్మే మనిషిని కాదు నేను. మూడింటిలో వేసి చూసేదాన్ని. రెండు కిలోల బార్లీ, పది లీటర్ల రసం అంటే మొదటిది చిక్కదనం 1.046 వస్తుందంది. రెండోది ఇంకాస్త తక్కువంది. మూడోది ఎక్కువంది. ఎందుకని తవ్వితే, బార్లీలోని చక్కెరలో ఎంత భాగం నీళ్లలోకి దిగుతుందనేది ఒక్కో సైటు ఒక్కో రకంగా అనుకుంటున్నదని తేలింది. మొదటిసారి కాసినప్పుడు నాకు 1.036 మాత్రమే వచ్చింది. అల్యూమినియం గంజులో వేడి నిలవక సగం చక్కెర పిప్పిలోనే ఉండిపోయింది. కాలేజీ ల్యాబులో మూలన పడున్న హైడ్రోమీటరు అడిగి తెచ్చుకున్నాను కాబట్టి అది తెలిసింది. రసంలో తేలేసి ఎంత మునిగిందో చూస్తే చిక్కదనం చెప్పే గాజు గొట్టం అది. గంజుకు పాత దుప్పటి చుట్టడం నేర్చుకున్నాను. మూడోసారికి అంచనా, కొలత ఒక్కటయ్యాయి. ఆ రోజు స్నానాల గదిలో ఒంటరిగా చప్పట్లు కొట్టాను, చెప్పుకుంటే సిగ్గు.

ఇంట్లో కాయడం చట్టం ఒప్పుకోదని తెలుసు. వదినకైతే ఎక్సైజోళ్లు వచ్చి నన్ను తీసుకుపోతారని బెంగ. ఒకసారి ఫోన్‌లో ఆ సంగతి మాట్లాడుతూనే అంది: "పంతులమ్మా, ఇంకో ముచ్చట. మా కాంపౌండుది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. దాంట్ల ఏందో పొడి కలుపుతరు. గది తాగినోనికి నీ బీరు ఆనుతదా?"

"ఆనుతది వదినా. ఏం కలిపినా శాతం శాతమే. నేను మూడు తీర్ల లెక్క జూసిన" అన్నాను.

తెలియక అన్నానా? మందు కల్లు సంగతి మా ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. చుట్టుపక్కల ఈత చెట్లు ఎన్ని, కాంపౌండులో దిగే సీసా పెట్టెలు ఎన్ని అని ఎవరైనా చూస్తే అర్థమవుతుంది. కానీ ఆ తెలిసిన సంగతి రాయడానికి నా ముందున్న పేజీలో గడి లేదు. గడి లేనిదాన్ని నేను పక్కన పెట్టాను. చదువుకున్న దాన్ని కదా, వదిన మాటకు విలువ ఏముంటుంది!

వేసవి సెలవుల్లో అన్న వచ్చాడు. రెండు నెలలు నా దగ్గరే ఉంచుకుంటానని ఆసామిని, వదినను ఒప్పించాను. వదిన సంచిలో లుంగీలు, తువ్వాలు, మామిడికాయ తొక్కు పెట్టి పంపింది. అప్పటికే నాలుగు మెట్ల సీసాలు సిద్ధం చేసి, మూతల మీద అంకెలు రాసి వరుసగా పెట్టాను. అన్న వాటిని చూసి "ఏందే గిది, మందుల దుకాణం వెట్టినవా?" అన్నాడు. మొదటి గ్లాసు తాగి మొహం వికారంగా పెట్టాడు. "అవ్వో! ఏపాకు నూరి పోసినవా ఏందే?" నేను హాప్స్ గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వొద్దు వొద్దు, పాఠం చెప్పకు. నువ్వు ఇచ్చినవ్, నేను తాగిన, గంతే." ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అన్న నాతో అంత సేపు కూర్చుని మాట్లాడి ఎన్నేళ్లయిందో.

మర్నాడు పొద్దున చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెప్ప వేయలేదట. బనియను చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. "పెయ్యంత జివ్వుమంటున్నది చెల్లే. జర కాంపౌండు దాక పోయొస్త, ఈడ యాడున్నదో చెప్పు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గ్లాసు నిండా బీరు పోసిచ్చాను. తాగాడు. ఏమీ మారలేదు. ఇంకోటి ఇచ్చాను, మారలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్తాను. లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. బీరులో అనుకున్నంత ఆల్కహాలు లేదేమోనని నాకు అనుమానం. నోట్సు తీసి మొదటి నుంచి చూశాను. దొరికింది! పులిశాక హైడ్రోమీటరు 1.008 చూపించింది, నిజమే. కానీ అది ఇరవై డిగ్రీల దగ్గర చదవాల్సిన పరికరం. మా ఇంట్లో ఆ రోజు ముప్పై నాలుగు. వేడి సవరణకు వేరే కాలిక్యులేటరు ఉంది, దాంట్లో వేస్తే అసలు అంకె 1.012 అని, చిక్కదనం నేను అనుకున్నంత దిగలేదని తేలింది. అంటే నేను అయిదు శాతం అనుకున్న బీరు నిజానికి నాలుగున్నర. అర శాతం తేడా! దొంగ దొరికాడు అనుకున్నాను. లేచి వెళ్లి, ఆ అర శాతానికి సరిపడా ఇంకో సగం సీసా ఎక్కువ పోశాను. అన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, పళ్లకు తగిలి టకటకమంటుంటే తాగాడు. నా మీద నమ్మకంతో తాగాడు.

మూడో రోజు పొద్దున పది గంటలప్పుడు నేను ఇంకా ఆ సైట్ల మీదే ఉన్నాను. అన్న గోడవైపు తిరిగి కింద కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో నాకు వెంటనే అర్థం కాలేదు. గాలిలోంచి ఏదో పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో ముడి వేస్తున్నాడు. మళ్లీ ఇంకోటి పట్టుకుంటున్నాడు, ముడి వేస్తున్నాడు. "అన్నా" అన్నాను. తిరిగి చూడలేదు. "అన్ని పోగులు ఒక్కపారే తెగుతున్నయ్. బందు వెట్టు చెల్లే, సాంచ బందు వెట్టు" అన్నాడు. అరుస్తున్నాడు, షెడ్డు చప్పుడులో వినపడాలన్నట్టు. నేను లేచేలోపే పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నోట్లోంచి నురగ. అది ఆగి, నేను ఊపిరి తీసుకునేలోపు మళ్లీ వచ్చింది.

పక్క పోర్షన్ ఆమె సాయం పడితే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. దారిలో ఇంకోసారి వచ్చింది. అక్కడున్న సిస్టరు ఆదిలాబాద్ దిక్కు మనిషి. అన్నను చూడగానే నన్ను ఒకే మాట అడిగింది. "మందు కల్లా? ఎన్నొద్దులైంది బందు వెట్టి?"

మూడు రోజులన్నాను. ఆమె ఇంకేం అడగకుండా సూది మందు తీసుకుని ఉరికింది. డ్యూటీ డాక్టరు నాకంటే చిన్నది, చాలా ఓపికగా చెప్పింది. వాళ్లు కలిపేది నిద్రమాత్రల జాతి పొడి. ఏళ్ల తరబడి అలవాటైన ఒంటికి అది ఒక్కసారే ఆగితే ఇట్లాగే అవుతుంది. అదే జాతి మాత్రలిచ్చి నెలల మీద తగ్గించాలి. బీరు దానికి ఏమీ చేయదు. పైగా పాడైన కాలేయం మీద ఇంకింత బరువు.

"కానీ మేడం, నేను నాలుగున్నర శాతం..." అంటూ ఫోన్ తీసి ఆ పేజీ చూపించాను. ఇప్పుడు తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తుంది. పసుపురంగు గ్లాసు బొమ్మ, దాని పక్కన అంకెలు. ఆమె కాసేపు దాన్ని చూసి "ఇదేంటి?" అంది. నేను ఫోన్ లోపల పెట్టుకున్నాను.

ఆ బెంచీ మీదనే శివమాల గుర్తుకొచ్చింది. మూడో రోజు చెమటలు, కదిలే నీడలు, కేకలు. అప్పుడే నా కళ్లముందు పెట్టి చూపించాడు అన్న. నేను పట్టుదల లేదని తిట్టాను. వదిన చెప్పింది, వినలేదు. డాక్టరు దగ్గర అన్నే చెప్పబోయాడు, చెప్పనివ్వలేదు. ఇంత చదువు చదివించింది ఇందుకా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండేది.

అన్న బతికాడు. ఎనిమిది రోజుల తర్వాత లేచి కూర్చున్నాడు. కానీ ఏదో పోయింది. నేను ఏ క్లాసు చదువుతున్నానని అడుగుతాడు, మళ్లీ తనే నవ్వి సర్దుకుంటాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి అందవు. దూరంగా ఉన్నదాన్ని పట్టుకోబోయినట్టు ఆగిపోతాయి. ముడి పడదు. ముడి వేయలేని మనిషికి సాంచాల షెడ్డులో పని ఏముంటుంది? ఆసామి పోనీలే పాపమని నూలు కండెలు ఏరి బుట్టల్లో వేసే పని ఇచ్చాడు. అన్న రెండు రోజులు పోయి మానేశాడు.

ఆసుపత్రివాళ్లు మాత్రలిచ్చి, వారం వారం తగ్గిస్తామన్నారు. పెద్ద మోతాదు ఉన్నన్నాళ్లు బాగానే ఉన్నాడు. తగ్గించే కొద్దీ వణుకు తిరిగొచ్చింది. ఆసుపత్రిలోనే ఉంచి చూడాలన్నారు. అన్న రానంటే రానన్నాడు. "మల్ల నన్ను ఆ మంచానికి కట్టేస్తరు" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను బతిమాలాను, కాళ్లు పట్టుకున్నాను. ఒకరోజు మాత్రల డబ్బీ ఇంట్లోనే వదిలేసి కాంపౌండుకు పోయి, నిమ్మళంగా నడుచుకుంటూ తిరిగొచ్చాడట. వదిన ఏమీ అనలేదట. నేనే ఫోన్‌లో గింజుకున్నాను. "ఎందుకు పోనిచ్చినవ్ వదినా?" అంటే "మల్ల ఫిట్స్ వస్తే నువ్వుంటవా ఈడ?" అంది. ఆ తర్వాత చాలారోజులు నా ఫోన్ ఎత్తలేదు.

ఇంట్లో ఉన్న సీసాలన్నీ మోరీలో ఒంపేశాను. హైడ్రోమీటరు ల్యాబులో ఇచ్చేశాను. సైట్లు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు తెరుస్తాను. రెండు కిలోలు, పది లీటర్లు అని నింపుతాను. 1.046 అంటుంది. అది తప్పేమీ కాదు. ఏ అంకెలోనూ తప్పు లేకపోవడమే నాకు మింగుడుపడని సంగతి.

మొన్న ఆదివారం ఊరికి పోయాను. వదిన జ్వరంతో పడుకుని ఉంది. అన్న గడప మీద కూర్చుని ఊగుతున్నాడు, మోకాళ్ల మీద చేతులు ఎగిరెగిరి పడుతున్నాయి, నన్ను గుర్తుపట్టినట్టు లేడు. "పొద్దటి సంది తాగలే. నేను లేసి పోలేకపోతున్న" అంది వదిన. నేను గడప దిక్కే చూస్తూ నిలబడ్డాను. "ఏం సూస్తున్నవ్ పంతులమ్మా? కాసుడు అచ్చినదానివి, తెచ్చుడు రాదా?" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

పోయాను. కాంపౌండులో ఆడవాళ్లు, మగవాళ్లు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నా చీర, నా భుజాన కాలేజీ బ్యాగు చూసి ఒకావిడ పక్కకు జరిగి దారిచ్చింది. కల్లు అమ్మేవాడు ఎన్ని అని అడిగాడు, రెండన్నాను. ఇంటికి తెచ్చి, మూత తీసి, గ్లాసు అన్న నోటికి నేనే పట్టాను, తన చేతులతో పట్టుకోలేడు కాబట్టి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే జావ అట్లా తాగించేవాడు. ఒక గ్లాసు అయింది. చాలాసేపటికి మొదట ఎడమ చేయి ఆగింది, తర్వాత కుడి చేయి ఆగింది. కళ్లు నా మీద నిలిచాయి. "ఎప్పుడచ్చినవ్ చెల్లే?" అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నిజం చెప్తున్నాను, ఆ చేతులు ఆగినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అన్న ఖాళీ గ్లాసు నావైపు చాచాడు. పోశాను.